నాలుగు వేళ్ల మడత

యూనిఫాంల కొట్టు యజమానురాలిని, కాలం చేసిన కటింగు మాస్టరుగారి భార్యను, వీధిలో చిన్నాపెద్దా అందరూ కత్తెరమ్మ అని పిలిచే నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. నా తదనంతరం నా స్థిరచరాస్తులు ఎవరికి ఎలా చెందాలో ఇందులో ఉంది. నేను పోయాక దీన్ని బీరువాలోంచి తీసి గుసగుసగా చదువుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే ఈ ఆదివారం మా కత్తిరింపు బల్ల చుట్టూ అందర్నీ కూర్చోబెట్టి, నేనే పైకి చదివి, ఆ తరవాతే సంతకం పెడతాను. లేకపోతే మీ మొహాలు ఎలా మారతాయో చూసే యోగం నాకు దక్కదు.

ఒకటో అంశం: నా తెలివి

"పూర్తి తెలివిలో ఉండి" అని ప్రతి వీలునామాలోనూ రాస్తారట. అందరికీ అది అలవాటు మాట, నాకు కాదు. మా పక్కన సిమెంటు కొట్టు నడిపే నా మరిది, "మా వదినకు మతి పోయింది" అని ఏడాదిగా వీధంతా టముకు వేస్తున్నాడు. టీ బంకు దగ్గర చెప్పాడు, బ్యాంకులో చెప్పాడు, ఆఖరికి నేను బీపీ మాత్రలు కొనే మందుల షాపులో కూడా చెప్పి వచ్చాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు. నా కొట్టూ మేడా తనకు అమ్మితే మధ్యగోడ పగలగొట్టి సిమెంటు గోడౌను చేసుకోవాలని అతని కోరిక. నేను అమ్మనన్నాను. నాకు మతి లేదని తేలిస్తే నేను రాసిన కాగితం ఏదీ చెల్లదనీ, మాకు పిల్లలు లేరు కాబట్టి అన్నగారి ఆస్తిగా కోర్టులో తనే తెచ్చుకోవచ్చనీ ఎవరో అతని చెవిలో ఊదారు.

నాకు మతి పోయిందనడానికి అతను చూపించే రుజువు ఒక్కటే. "సొంతవాళ్లను వదిలేసి వీధిలో పిల్లల చదువులకు డబ్బు తగలేస్తోంది. పిచ్చి కాకపోతే ఏంటి ఇది?" అంటాడు. ఆ లెక్కన నాకు చాలా ఏళ్ల కిందటే పిచ్చి పట్టింది. ఇప్పుడు కొత్తగా కంగారుపడాల్సింది ఏముంది?

అయినా మా వకీలు ఊరుకోలేదు. నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. మన కొట్టులో పెరిగిన డాక్టరమ్మ సర్టిఫికెట్ ఇస్తే ఇంటి మనిషి ఇచ్చిందంటారని, నన్ను ఎన్నడూ చూడని డాక్టరు ముందు కూర్చోబెట్టాడు. ఆయన వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నాడు. ఇక చాలు అనేదాకా తీసేశాను. మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమన్నాడు. ఆ మూడూ చెప్పి, మధ్యలో ఆయన ఫోనులో భార్యకు కొనుక్కొస్తానన్న కూరగాయల పేర్లు కూడా అప్పజెప్పాను. ఆయన పగలబడి నవ్వి సర్టిఫికెట్ రాసిచ్చాడు. అది దీనికి జతపరిచాను.

ఇంకొక్క మాట. "వేలిముద్ర మనిషి వీలునామా రాయడమేంటి, ఎవరో రాయించి ఉంటారు" అని కూడా మరిది అన్నట్టు విన్నాను. పెళ్లినాటికి నాది వేలిముద్రే, కాదనను. ఈ దస్తూరి మాత్రం నాది. ఎవరు నేర్పారో నాలుగో అంశంలో ఉంది.

రెండో అంశం: ఆస్తి వివరం

కింద కుట్టు కొట్టు, పైన మేడ గది, వెనక నీళ్ల తొట్టి ఉన్న చిన్న పెరడు. హద్దులు: తూర్పున చెప్పుల షాపు, పడమర మరిదిగారి సిమెంటు కొట్టు, ఉత్తరాన వీధి, దక్షిణాన బడి గోడ. ఆ గోడ అవతల గంట కొడితే మా మిషన్ల మోతలో కూడా వినబడుతుంది. ఈ ఆస్తి నేనూ మా ఆయనా కుట్టి సంపాదించి కొన్న స్వార్జితం. పత్రం నా పేరున ఉంది. వీటి మీద అప్పు గానీ తాకట్టు గానీ లేవు. దీని మీద ఉన్నదల్లా మరిదిగారి కన్ను ఒక్కటే.

మూడో అంశం: మా కొట్టు పద్ధతులు

ఈ వీలునామా అర్థం కావాలంటే మా పద్ధతులు రెండు తెలియాలి.

మొదటిది ముక్కల సంచి. బట్ట కత్తిరించాక చంకల దగ్గరా మెడ దగ్గరా ముక్కలు మిగులుతాయి. మిగతా కొట్లలో ఊడ్చి పారేస్తారు. మా ఆయన పారేయనిచ్చేవాడు కాదు. బల్ల కింద ఒక గోనెసంచి పెట్టాడు. నిండినప్పుడల్లా దిండ్లు కుట్టేవాళ్లకు అమ్మేవాడు. ఆ డబ్బు కొట్టు గల్లాపెట్టెలోకి రాకూడదు, నా చేతికీ రాకూడదు. అది డబ్బులేని ఇంటి పిల్లల చదువుకు. బడులు తెరిచే ముందు వచ్చే ఆదివారం పనివాళ్లందరూ ఈ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎవరైనా ఒక పేరు చెప్పవచ్చు. తన బిడ్డ పేరు చెప్పకూడదు, తన చుట్టాల పిల్లల పేరు చెప్పకూడదు. మన బిడ్డ ఆకలి మనకెలాగూ కనబడుతుంది, పక్కింటి బిడ్డది చూడగలిగినవాడే నోరు తెరవాలి అనేవాడు మా ఆయన. పేరు ఖాయమైతే ఇక ఆ బిడ్డకు ఫీజు, పుస్తకాలు, బట్టలు, సాయంత్రాలు చదువుకోవడానికి మేడ గది, అన్నీ కొట్టు బాధ్యతే. మార్కులు తగ్గాయని మధ్యలో వదిలేయడం ఉండదు. ముక్కల డబ్బు చాలని ఏడు మేమిద్దరం జతచేసేవాళ్లం. తరవాత పనివాళ్లూ తలా కొంత వేయడం మొదలుపెట్టారు.

రెండోది మడత. పేదింట్లో ఏటా కొత్త యూనిఫాం కుట్టించలేరు. అందుకని మా ఆయన అంచు లోపలికి నాలుగు వేళ్ల గుడ్డ మడిచి కుట్టేవాడు. పిల్ల పొడుగైనప్పుడల్లా కుట్టు విప్పి కాస్త కిందికి దించితే సరిపోతుంది. గుడ్డ ఎక్కువ పోతోందని పక్క దర్జీలు ఎగతాళి చేసేవాళ్లు. "పెరుగుతుందని నమ్మి కత్తిరించాలి గానీ, ఇవాళ్టి కొలతకు కత్తిరిస్తే రేపు ఏం కట్టుకుంటుంది?" అనేవాడాయన. మా ఆయనకు ఉపన్యాసాలు రావు. జీవితంలో ఆయన చెప్పిన పెద్ద మాట ఇదే, దీన్ని కూడా నోట్లో గుండుసూదులు పెట్టుకుని చెప్పాడు.

నాలుగో అంశం: కాజాలమ్మకు

మా కొట్టులో మొదటి నుంచీ కాజాలు కుడుతున్న కాజాలమ్మకు, కిటికీ పక్కన ఆమె కూర్చునే చోటు, కుర్చీ, దాని మీది మెత్త ఆమె బతికినంతకాలం చెందాలి. పని చేసినా చేయకపోయినా నెల జీతం ఇవ్వాలి. కూతురు చల్లటి గదిలో పడుకోబెట్టి చూసుకుంటానంటే, "అక్కడ పడుకుంటే వీధి కబుర్లు నాకెవరు చెప్తారు?" అని పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. ఆ కుర్చీలోంచి ఆమెను లేపినవాళ్లకు ఈ కొట్టులో చోటు లేదు.

ముక్కల సంచి చదివించిన మొదటి పిల్ల ఆమె కూతురే. పేరు చెప్పింది మా ఆయన. ఆ ఏడు సంచి డబ్బు ఫీజుకు సరిగ్గా సరిపోయి యూనిఫాంకు మిగల్లేదు. ఆయన సంచిలోంచే పెద్ద ముక్కలు ఏరి, అతుకులు కలిపి గౌను కుట్టాడు. అప్పట్లో మేం రెండు బడులకు కుట్టేవాళ్లం. ఒకదానిది ముదురు నీలం, ఇంకోదానిది లేత నీలం. కొట్టులో మసక బల్బు కింద రెండూ ఒకటే అనిపించాయి. పొద్దున ఎండలోకి వెళ్లాక తెలిసింది, గౌను ముందువైపు ఒక బడి, వెనకవైపు ఇంకో బడి. అప్పటికే పిల్ల బడి గేటు దాటేసింది. టీచరు ఆపి నువ్వు ఏ బడి పిల్లవే అంటే, "వెళ్లేటప్పుడు ఆ బడి, వచ్చేటప్పుడు ఈ బడి టీచర్" అందట. ఆ టీచరు నవ్వి లోపలికి పంపబట్టి బతికిపోయాం.

ఆ రోజు నుంచి దాని పేరు రెండురంగులు. సాయంత్రం బడి నుంచి వచ్చి, ఈ బల్ల మీదే నల్ల లైనింగు గుడ్డ పరిచి, మేం కొలతలు గీసుకునే సుద్దతో ఆ రోజు పాఠం నాకు చెప్పేది. తను టీచరు, నేను పిల్ల. అది ఆట అనుకుని మొదలుపెట్టింది. నేను మాత్రం ఆట అనుకోలేదు. అది మూడో తరగతికి వచ్చేసరికి నేను బ్యాంకులో సిరా పెట్టె పక్కకు నెట్టి కలం అడిగాను. ఇప్పుడు అది పిల్లల ఆసుపత్రిలో పెద్ద డాక్టరు. దాని తెల్లకోట్లు మేమే కుడతాం. కాలరు కింద ఎవరికీ కనబడనిచోట ముదురు నీలం ముక్క ఒకటి, లేత నీలం ముక్క ఒకటి పెట్టి కుట్టాలని దాని ఆర్డరు.

ఈ రెండురంగులకు నేను ఏమీ రాయడం లేదు. కుర్చీ లేదు, కత్తెర లేదు, గుండుసూది కూడా లేదు. కారణం చివర చెప్తాను. అందాకా కాజాలమ్మ నన్ను అలా చూడకూడదు.

ఐదో అంశం: వకీలుకు

ఈ కాగితంలో చట్టం మాటలు సరిచూసిన వకీలు, తోపుడుబండి మీద పాత ఇనుము కొనే ఆయన కొడుకు. ముక్కల సంచి రెండో బిడ్డ. వాణ్ని ఎదురుప్రశ్న అని పిలిచేవాళ్లం. అన్నం తిన్నావా అంటే "తినకపోతే పెడతారా?" అనేవాడు. మేడ గదిలో లైటు ఎందుకు వదిలేశావంటే "ఆర్పేస్తే మీకెలా తెలిసేది నేను చదువుతున్నానని?" అనేవాడు. ఒకసారి మరిది వాణ్ని మెట్ల మీద చూసి, "నువ్వు చదివి ఏం ఊడబొడుస్తావురా?" అన్నాడు. "మీరు చదవకుండా ఏం ఊడబొడిచారండీ?" అన్నాడు వీడు. ఆ రోజు మరిది మా కొట్టు ముందు వేసిన చిందులు వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తరవాత రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీ వాళ్లు సిమెంటు కొట్టు ముందు గోడకు ఎర్రగీత గీశారు. మరిది ఎక్కే గుమ్మం దిగే గుమ్మం తిరిగి, చివరికి ఈ ఎదురుప్రశ్న ఆఫీసు ముందే చెప్పులు విప్పాడు. వీడు కోర్టులో నిలబడి ఆ అధికారులను ఒకటే అడగడం, వాళ్లు నీళ్లు నమలడం. గోడ నిలబడింది. చిన్నప్పుడు ఉచితంగా వచ్చిన ఎదురుప్రశ్నలను మరిది ఫీజు కట్టి మరీ కొనుక్కున్నాడు. ఈ సంగతి రాస్తున్నప్పుడు నా చేతికి అలసట అనేదే తెలియలేదు.

వకీలుకు కూడా నేను ఏమీ రాయడం లేదు.

ఆరో అంశం: గుర్రుకు

అందరూ డాక్టర్లూ వకీళ్లూ అయ్యారని రాస్తే మీరు నమ్మరు, నేనూ రాయను. మూడో బిడ్డ గుర్రు. పుస్తకం తెరిస్తే గుర్రు పెట్టేవాడు కాబట్టి ఆ పేరు. పదో తరగతి తప్పాడు, మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. "దండగ ఖర్చు, మానెయ్యి వదినా" అన్నాడు మరిది. మధ్యలో వదిలేయడం మా పద్ధతి కాదు కదా. పుస్తకం ముందు జోగే ఆ పిల్లాడు, పాడైన మిషను విప్పి కూర్చుంటే అన్నం వేళ కూడా మరిచిపోతున్నాడని కాజాలమ్మ కనిపెట్టింది. మిషన్ల పని నేర్పే బడిలో చేర్పించాం. అక్కడ వాడు ఒక్కరోజు కూడా నిద్రపోలేదు, క్లాసులో అందరికంటే ముందు నిలిచాడు. ఇవాళ వాడిది సొంత వర్క్‌షాపు. బట్టల మిల్లులవాళ్లు కార్లు పంపి తీసుకెళ్తారు. ఏటా ముక్కల సంచిలో అందరికంటే ముందు డబ్బు వేసేది వాడే.

మా ఆయన వాడిన పాత కాలి మిషను గుర్రుకు సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా వాడికే అప్పగిస్తున్నాను. షరతు ఒక్కటే, రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద నిద్రపోకూడదు.

ఏడో అంశం: నా తోడికోడలికి

మరిది భార్య, నా తోడికోడలు, నాకు చెల్లెలి కంటే ఎక్కువ. ఆమె పేరున ఈ కాగితంలో ఏమీ లేదు. ఇవ్వాల్సింది ఇవాళ పొద్దున్నే చేతికి ఇచ్చేశాను. చిన్న పాత యూనిఫాం గౌను ఒకటి. అంచు దగ్గర మడత దించిన ప్రతిసారీ పడిన పాత కుట్టు గీతలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పిల్ల ఎలా పెరిగిందో చెయ్యి పెట్టి తడుముకుంటే తెలిసిపోతుంది.

చెల్లీ, పదేళ్లుగా నువ్వు నెలకో కొత్త జాకెట్టు కుట్టించుకుంటున్నావు. సాయంత్రం బడి విడిచే వేళకే వస్తావు. కొలతలు తీసుకోవడం అయిపోయినా, ఆ కాజాలమ్మ పక్కన కూర్చుని మేడ మెట్ల వైపు చూస్తూ ఉంటావు. ఒక మనిషికి ఇన్ని జాకెట్లెందుకని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే నువ్వు ఏడుస్తావు, నిన్ను చూసి నేనూ ఏడుస్తాను, గిరాకీ పోతుంది.

ఎనిమిదో అంశం: కొట్టు, మేడ గది, గుండీ

కింది కొట్టు, మిషన్లు, సరుకు, నా తదనంతరం ఇక్కడ పనిచేసే వాళ్లందరికీ ఉమ్మడిగా చెందాలి. వాళ్లు దాన్ని అమ్మకూడదు, గోడౌనుకు అద్దెకూ ఇవ్వకూడదు. ముక్కల సంచి బల్ల కిందే ఉండాలి. ప్రతి ఏడూ ఒక పేరు ఈ బల్ల దగ్గర వినబడాలి. మేడ గది చదువుకునే పిల్లలది. ఈరోజు ఆ గది గుండీది. దాని చదువు పూర్తయ్యేదాకా గదిలోంచి దాన్ని కదిపే హక్కు ఎవరికీ లేదు, ఫీజు ఆపే హక్కు అసలే లేదు. ఈ వీలునామా రాయడానికి తొందరేమొచ్చిందంటే ఇదే తొందర. నేను కన్ను మూసిన మర్నాడు కొట్టుకు కోర్టు తాళం పడితే గుండీ చదువుకు కూడా తాళం పడుతుంది.

గుండీ ఎవరో తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. అది ఆరేళ్ల పిల్లగా పిడికిలి బిగించుకుని మా గుమ్మం ఎక్కింది. పిడికిలి విప్పితే ఒక చొక్కా గుండీ. "మా నాన్న చొక్కాది ఊడింది, కుట్టి పెట్టండి" అంది. చొక్కా ఏదే అన్నాను. "నాన్న వేసుకున్నాడు. ఇంకోటి లేదు" అంది. తండ్రి బస్తాలెత్తే మనిషి. నడుం విరిగి మంచాన పడ్డాడు. తల్లి హోటల్లో గిన్నెలు తోముతోంది. మిషను బాగుచేస్తున్న గుర్రు ఆ మాట విన్నాడు. సూదీ దారం జేబులో వేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, మంచం మీది మనిషికి ఒంటి మీదే గుండీ కుట్టి వచ్చాడు. ఆ ఆదివారం బల్ల దగ్గర పేరు చెప్పింది వాడే. అందరూ సరే అన్నారు. నేను నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదో తరవాతి అంశంలో తెలుస్తుంది.

ఆ గుండీ ఈ ఏడు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసింది. ఫలితాలు వచ్చిన రోజు ఎదురుప్రశ్న ఫోనులో చూసి, మొదటిసారిగా ప్రశ్న వేయకుండా కుర్చీలో కూలబడ్డాడు. రాష్ట్రం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మందిలో అది ఒకతె. రెండురంగులు ఆసుపత్రి నుంచి తెల్లకోటుతోనే పరిగెత్తుకొచ్చింది. కాజాలమ్మ వీధంతా పంచదార పంచింది, మరిదిగారి కొట్టులో కూడా. అతను చప్పరించి, "ఎవరికి వచ్చిందంట ర్యాంకు?" అని కూడా అడిగాడట. పైన చదివే పిల్లకు అంటే, "ఆహా, ఆ బక్కపిల్లకా? గట్టిదే" అన్నాడట. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

పెద్ద సర్కారు కాలేజీలో సీటు వచ్చింది. భవనాలూ వంతెనలూ కట్టే చదువు. పట్టా పుచ్చుకునే రోజున వేసుకునే నల్ల గౌను అద్దెకు తేవద్దు. మన కొట్టులోనే కుట్టాలి. అంచుకు నాలుగు వేళ్ల మడత వదలాలి. పట్టా వచ్చిందని పెరగడం ఆగిపోదు కదా.

తొమ్మిదో అంశం: నా మరిదికి

మరిదికి ఏమీ లేదు. గొణగడం ఆపి చివరిదాకా విను మరిదీ.

పద్దెనిమిదేళ్ల కిందట నీ కొట్టులో సిమెంటు బస్తాలెత్తే కుర్రాణ్ని ఇష్టపడి నీ కూతురు పెళ్లి చేసుకుంది. "నాకు కూతురే లేదు" అని నువ్వు తలుపు వేశావు. ఆ తలుపు వెనక నా తోడికోడలు ఎన్నాళ్లు అన్నం మానేసిందో నీకు తెలుసు. ఆ తరవాత వాళ్లు ఎక్కడున్నారో, తింటున్నారో లేదో నువ్వు అడగలేదు. అడగాలని ఉన్నా అడగలేదు, నాకు తెలుసు. నీ మొండితనం మా ఆయన కుటుంబం మొత్తానిది. ఆయనకు దాన్ని పనిలో పెట్టడం తెలిసింది, నీకు తెలియలేదు, అంతే.

గుండీ మొదటిసారి మా కొట్టుకు వచ్చిన రోజు, ఎదురు అరుగు పక్కన ఒక మనిషి కొంగు కప్పుకుని నిలబడింది. వీధి దాటి రాలేదు. నేను చేతిలో కత్తెర వదిలేసి వెళ్లాను. నడిచే తీరు చూసే గుర్తుపట్టాను. ఒళ్లో పెంచిన పిల్లను గుర్తుపట్టనా? "పెద్దమ్మా, నాన్నకు చెప్పకు. జాలిపడి పిలిస్తే నేను రాలేను" అంది. మాట ఇచ్చాను. అందుకే ఆ ఆదివారం నోరు మూసుకున్నాను. సొంతవాళ్ల పేరు చెప్పకూడదన్న పద్ధతి తప్పలేదు, చెప్పింది గుర్రు. వాడికి అది నీ మనవరాలని అప్పటికి తెలియదు.

అవును మరిదీ. నువ్వు బక్కపిల్ల అన్న పిల్ల, నీ కొట్టు ముందు నుంచి పదేళ్లుగా బడికి నడిచివెళ్లిన పిల్ల, నీ కూతురి కూతురు. ఎవరి పిల్లలకో డబ్బు తగలేస్తున్నానని నువ్వు వీధంతా చెప్పుకున్నది నీ మనవరాలి ఫీజు గురించే. మొన్న దాని తల్లి వచ్చి, "ఇప్పుడు చెప్పు పెద్దమ్మా. ఇప్పుడు పిలిస్తే జాలిపడి పిలిచినట్టు ఉండదు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఎంత ఠీవిగా నిలబడిందో నువ్వు చూడాల్సింది. గుండీకి అన్నీ తెలుసు. మన ఇంట్లో తెలియనిది నీ ఒక్కడికే.

ఇంకొకటి కూడా తెలుసుకో. దానికి తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం కుండపోతగా వాన కురిసింది. పుస్తకాలు గుండెకు అదుముకుని నీ చూరు కింద నిలబడితే, ఖాళీ సిమెంటు సంచి ఒకటి దులిపి ఇచ్చి, "నువ్వు తడిసినా ఆరతావు, పుస్తకాలు ఆరవు, ఇది చుట్టుకో" అన్నావు. నువ్వు మరిచిపోయి ఉంటావు. ఆ సంచి ఉతికి మడతపెట్టి మేడ గదిలో తన పెట్టెలో దాచుకుంది. కాలేజీవాళ్లు ఏ చదువు కావాలని అడిగినప్పుడు దానికి వచ్చిన ర్యాంకుకు ఏదైనా ఇచ్చేవాళ్లు. "సిమెంటు పనే కావాలి, మా తాతది అదే వ్యాపారం" అంది. నాకు కోపం ఎంతున్నా, ఆ మాట విన్నాక నిన్ను ఈ కాగితంలో తిట్టాలనుకున్న రెండు పేజీలు చింపేశాను.

పదో అంశం: సాక్షులు

ఇప్పుడు అందరి అనుమానాలూ తీరుస్తాను. వీలునామా వల్ల లాభం పొందేవాళ్లు గానీ, వాళ్ల భార్య గానీ భర్త గానీ దానికి సాక్షులుగా పనికిరారట. వకీలు చెప్పాడు. నాకు ఆస్తి పంచడం కంటే ఈ కాగితం కింద ఎవరి సంతకాలు ఉండాలన్నదే ముఖ్యం అనిపించింది. అందుకే రెండురంగులకు ఏమీ రాయలేదు, ఎదురుప్రశ్నకు ఏమీ రాయలేదు. వేలిముద్ర మనిషి రాసిన వీలునామా కింద, ముక్కలు అమ్మి చదివించిన పిల్లలు తమ చదువులతో సహా సంతకాలు పెట్టాలి. ఇంతకంటే ఆస్తి నాకేముంది? ఏ కోటీశ్వరుడి వీలునామా కిందైనా ఇలాంటి సంతకాలు చూపించమనండి చూద్దాం!

చట్టానికి ఇద్దరు చాలు. అయినా మూడో గీత కూడా గీసి ఖాళీగా ఉంచాను. మరిదీ, నీకు ఏమీ రాయకపోవడానికీ, తోడికోడలికి ఇచ్చింది కాగితం మీద పెట్టకపోవడానికీ కారణం ఆ గీతే. అక్కడ నీ సంతకం పడితే నాకు మతి ఉందని నువ్వే ఒప్పుకున్నట్టు. గుండీ చదువుకు ఇక ఎవరూ అడ్డురాలేరు. సంతకం పెట్టకపోతే నిరభ్యంతరంగా కోర్టుకు వెళ్లు. కానీ అక్కడ నువ్వు పోట్లాడేది నాతో కాదు, నీ మనవరాలితో. కలం బల్ల మీద ఉంది. గుండీ మెట్ల మీద నిలబడి ఉంది. నేనెవర్నీ తొందరపెట్టను.

పైన రాసినదంతా నేను చదివి వినిపించి, అందరూ విన్నారని తృప్తిపడి, కళ్లద్దాలు సరిచేసుకుని, వణకని చేత్తో చేసిన సంతకం:

కత్తెరమ్మ
(పూర్తి తెలివిలో)

తేదీ: బడులు తెరిచే ముందు ఆదివారం, ఉదయం. అంకెల్లో వేయాలని వకీలు పట్టుబట్టి పక్కన వేశాడు.

సాక్షులు:

1. రెండురంగులు, కాజాలమ్మ కూతురు, పిల్లల డాక్టరు. కత్తెరమ్మ నా ఎదుట సంతకం చేసింది. ఆమెకు ఆ అక్షరాలు నేర్పింది నేనే.

2. ఎదురుప్రశ్న, తోపుడుబండి ఆయన కొడుకు, వకీలు. ఇంతకంటే స్పష్టమైన వీలునామా ఎవరైనా చూశారా?

3. <s>సిమెంటు కొట్టు యజమాని</s>
గుండీ తాత.
పై కొట్టివేత ఒకటి. నా చేత్తో నేనే కొట్టేశాను.